సిరోంచ నుంచి బయటి దేశంలో పీహెచ్‌డీ: డబ్బు ఎక్కడ దొరుకుతుంది? సరిహద్దు తాలూకాల వాళ్లు చెప్పండి

కోటరాయి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇప్పుడు నాగపూర్‌లో ఎంఎస్సీ జియాలజీ రెండో ఏడాది. మార్కులు 70 శాతం పైనే ఉన్నాయి. కేటగిరీ ఓబీసీ. బాపుకి పత్తి, మిర్చి తప్ప వేరే రాబడి లేదు.

నాకు పేలియాంటాలజీలో, అంటే రాళ్లలో మిగిలిపోయిన పాతకాలం జీవుల మీద, పీహెచ్‌డీ చేయాలని ఉంది, కుదిరితే బయటి దేశంలో. మా తాలూకాలో కోట అనే ఊరుంది, ఆ పేరు మీదే ఇక్కడి రాతి పొరలను కోటా ఫార్మేషన్ అని జియాలజీ పుస్తకాల్లో రాస్తారు. ఇక్కడి పోచంపల్లి దగ్గర 1960ల్లో తవ్వి తీసిన బారాపాసారస్ అనే డైనోసార్ ఎముకలు ఇప్పుడు కలకత్తా ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) మ్యూజియంలో నిలబెట్టి ఉన్నాయి. వడధంలో ఫాసిల్ పార్కు ఉంది. రాయిగా మారిన మాను ముక్కలు మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా ఈ రాళ్ల మీద పరిశోధన చేసిన మా తాలూకా మనిషి ఒక్కరూ నాకు ఇంతవరకు తగల్లేదు. వచ్చి చదివి వెళ్లేవాళ్లంతా బయటివాళ్లే. నా డిజర్టేషన్ కోటా సున్నపురాయి పొరల్లో దొరికే ఆస్ట్రకోడ్‌ల మీద, అంటే ఆవగింజ కన్నా చిన్న పెంకు జీవులు, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాల్సిందే.

ఇబ్బందంతా డబ్బు దగ్గరే. మంచిర్యాలలో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి తెలంగాణ ప్రభుత్వం బయటి దేశంలో చదువుకి ఇచ్చే విద్యానిధి స్కీము కింద 20 లక్షలు ఇచ్చింది. గోదారి దాటితే వాళ్ల ఊరు, కానీ నాకు వర్తించదంటున్నారు. మహారాష్ట్రలో కూడా ఏవో ఉన్నాయంటారు, ఎవరిని అడిగినా తలో మాట చెప్తున్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు స్కాలర్‌షిప్ గ్యారంటీ అంటూ ముందు లక్షన్నర కట్టమంటున్నారు. బాపు రెండెకరాలు కుదువ పెడతానంటున్నాడు, ఆ మాట వింటేనే నాకు టెన్షన్.

అసలు అప్లై చేయడానికే ముందు చేతిలో డబ్బు ఉండాలా? మన వైపు వాళ్లకు నిజంగా దొరికేవి ఏవి? ఇప్పటినుంచి నేను ఏం మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, మీ కాళ్లు మొక్కుతా.

రాజురా అన్న:

చెల్లీ, కాళ్లు మొక్కాల్సిన పనేం లేదు. మొదటి మాట, ఆ లక్షన్నర కట్టకు. స్కాలర్‌షిప్ గ్యారంటీ ఇచ్చే అధికారం ఈ భూమ్మీద ఏ కన్సల్టెన్సీకీ లేదు.

నాది చంద్రపూర్ జిల్లా రాజురా. మహారాష్ట్ర ప్రభుత్వం విదేశీ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేశాను, కాబట్టి ఆ దారి గురించి గట్టిగా చెప్పగలను. మన రాష్ట్రంలో ఒక్కో వర్గానికి ఒక్కో శాఖ ఈ స్కీము నడుపుతుంది. ఎస్సీ, నవబౌద్ధులకు రాజర్షి శాహూ మహారాజ్ పేరుతో ఉన్నది పాతది, ఏటా 75 మందికి ఇస్తారు. ఎస్టీలకు ఆదివాసీ శాఖ, ఓపెన్ కేటగిరీలో ఆదాయం తక్కువున్న వాళ్లకు ఉన్నత విద్యా శాఖ, నీలాంటి ఓబీసీ, వీజేఎన్టీ (విముక్త, సంచార జాతులు), ఎస్‌బీసీ (ప్రత్యేక వెనుకబడిన వర్గాలు) పిల్లలకు బహుజన్ కల్యాణ్ శాఖ. వీటిలో ముఖ్యమైన షరతులు దాదాపు ఒకటే. యూనివర్సిటీ క్యూఎస్ అనే ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి 200లో ఉండాలి, అక్కడి నుంచి షరతుల్లేని ఆఫర్ లెటర్ చేతిలో ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. వస్తే మాత్రం ట్యూషన్ ఫీజు మొత్తం, ఉండటానికి తినడానికి ఏడాది భత్యం, విమానం టికెట్, హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ ప్రభుత్వమే చూస్తుంది. మీ పెద్దమ్మ కొడుక్కి వచ్చిన 20 లక్షల గురించి బాధపడకు, లండన్‌లో ఫీజే అంతకంటే ఎక్కువ అవుతుంది. మనవైపు స్కీము దక్కితే దానికంటే పెద్దది. దక్కడమే కష్టం.

నీ సబ్జెక్టులో చూస్తే బ్రిస్టల్ యూనివర్సిటీలో పేలియోబయాలజీ అని ప్రత్యేకంగా మాస్టర్స్ కోర్సే ఉంది, బ్రిస్టల్ మొదటి 100లో ఉంటుంది. కాకపోతే నీకు ఎంఎస్సీ అయిపోతోంది కాబట్టి మళ్లీ మాస్టర్స్ అవసరమా, నేరుగా పీహెచ్‌డీయా అన్నది నీ రంగం వాళ్లు చెప్పాలి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది కాగితాల సంగతి. మన సరిహద్దు పిల్లలు మార్కుల దగ్గర ఆగిపోవడం నేను తక్కువ చూశాను, కాగితాల దగ్గర ఆగిపోవడం చాలా చూశాను. డొమిసైల్, అంటే నివాస సర్టిఫికెట్ కావాలి, దానికి మహారాష్ట్రలో 15 ఏళ్ల నివాసం చూపించాలి. ఓబీసీల్లో సంపన్న కుటుంబం కాదని చూపే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అది గడువు తీరిపోతూ ఉంటుంది కాబట్టి తేదీ చూసుకోవాలి. అన్నిటికంటే గట్టిది వ్యాలిడిటీ. కుల సర్టిఫికెట్ ఒకటే చాలదు, కులాన్ని సరిచూసే పడతాళణి సమితి నుంచి అది నిజమేనన్న వ్యాలిడిటీ తెచ్చుకోవాలి. అక్కడ వాళ్లు అడిగేది నీ కాగితం కాదు, ఓబీసీలైతే 1967 అక్టోబర్ 13కి ముందు మీ తాతలు ఈ రాష్ట్రంలోనే ఉన్నట్టు, వాళ్ల కులం అదేనని రాసి ఉన్న రికార్డు. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6, వీజేఎన్టీలకు 1961 నవంబర్ 21.

మన దగ్గర ఇది ఎందుకు చిక్కుపడుతుందంటే, తాతల కాలంలో ఇటు వాళ్లు అటు, అటు వాళ్లు ఇటు వచ్చి స్థిరపడ్డారు. దానికి తోడు ఇంటిపేర్లు. తాత బడి దాఖలాలో చెన్నూరి అని ఉంటుంది, బాపు టీసీలో చెన్నూర్‌వార్ అని ఉంటుంది, నీ పదో తరగతి మార్కుల షీటులో ఇంకో స్పెల్లింగ్ ఉంటుంది. చంద్రపూర్, గడ్చిరోలి తెలుగు ఇళ్లలో ఈ వార్ తోక లేని ఇల్లు తక్కువ. సమితి ముందు ముగ్గురూ ఒకే వంశం అని నిరూపించుకోవాలి, వంశావళి అఫిడవిట్ రాసి ప్రతి తరానికి ఒక కాగితం జత చేయాలి. తాత చదువుకోలేదంటే కోత్వాల్ బుక్ నకలు అడుగు. పాతకాలం పుట్టుక, చావు నమోదులు అందులో ఉంటాయి, కులం కూడా రాసి ఉంటుంది, తహసీల్ ఆఫీసు రికార్డు గదిలో దరఖాస్తు పెడితే తీసిస్తారు. గడ్చిరోలి జిల్లా 1982లో పుట్టింది, దానికి ముందువి చాందా లేదా చంద్రపూర్ జిల్లా పేరుతో ఉంటాయి, కాబట్టి సిరోంచలో దొరక్కపోతే చంద్రపూర్‌లో కూడా అడుగు. కాగితాలు తండ్రి వైపువే లెక్క, మీ అమ్మ పుట్టిల్లు తెలంగాణ అయినా దానితో ఏ పేచీ లేదు.

నోటిఫికేషన్ వచ్చాక ఈ పని మొదలుపెడితే గడువులోపల తేలదు. ఈ నెలలోనే మొదలుపెట్టు. పాస్‌పోర్టు కూడా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగుతోనే తీసుకో, అక్షరం కూడా మార్చకు.

ఇది చదివే ఎస్సీ తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇంకో మాట. కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా ఉంది, 125 సీట్లు, మొదటి 500 ర్యాంకులోపు యూనివర్సిటీ అయితే చాలు, వయసు 35 లోపు, 60 శాతం మార్కులు. సంచార జాతులకు, భూమిలేని కూలీల, చేతివృత్తుల పిల్లలకు కూడా ఆ 125లో కొన్ని సీట్లున్నాయి. ఎస్టీలకు ఆదివాసీ మంత్రిత్వ శాఖది వేరే ఉంది, 20 సీట్లు. అయితే 2025లో ఎస్సీల జాబితాలో 106 మంది ఎంపికైతే మొదట 40 మందికే లెటర్లు ఇచ్చి, మిగతావాళ్లకు నిధులు ఉంటే ఇస్తామన్నారు. జాబితాలో పేరు చూసుకుని ఉద్యోగాలు మానేయకండి, లెటర్ చేతికి రానివ్వండి. కినవట్ వైపు లంబాడీ పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోండి, తెలంగాణలో మీ చుట్టాలు ఎస్టీ, ఇక్కడ మీరు వీజేఎన్టీ. వాళ్లకు వచ్చిన స్కీము చూసి మీరు ఎస్టీ ఫారం నింపితే తిరిగొస్తుంది.

చెన్నూరు చౌరస్తా:

ఇంత తిప్పలెందుకు? పెద్దమ్మ వాళ్లది మంచిర్యాల అంటున్నవు కదా. ఆధార్ ఆ అడ్రస్‌కి మార్చుకుని తెలంగాణ బీసీ విద్యానిధికే పెట్టుకో. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు అట్లనే చేస్తమని తిరుగుతున్నరు.

రాజురా అన్న:

తమ్ముడూ, మంచి మనసుతోనే చెప్పావు కానీ ఆ పిల్ల చేత ఈ పని చేయించకండి. ఆధార్ అడ్రస్ మార్చినంత మాత్రాన స్థానికత రాదు, చదువంతా సిరోంచ, నాగపూర్ అయినప్పుడు అక్కడి ఎమ్మార్వో కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఎలా ఇస్తాడు? పైగా కులం గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, నది దాటి అద్దెకు దిగితే మారదు. ఇక్కడొక కార్డు, అక్కడొక కార్డు ఉన్నట్టు తేలితే రెండు చోట్లా పోతుంది, వ్యాలిడిటీ కేసు కూడా చెడుతుంది. రేపు వీసా ఇంటర్వ్యూలో శాశ్వత చిరునామా అడిగితే ఏది చెప్తుంది?

గోదారి ధర్మాబాద్:

నాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్, ప్రస్తుతం జర్మనీలో పీహెచ్‌డీ, నాది కూడా రాళ్లు, మట్టి వ్యవహారమే. రాజురా అన్న చెప్పిన కాగితాలన్నీ చేసుకో, అవి జీవితాంతం పనికొస్తాయి. కానీ చెల్లీ, నువ్వు స్కాలర్‌షిప్ అనే మాట పట్టుకునే వెతుకుతున్నావు, సైన్స్ పీహెచ్‌డీకి డబ్బు ఎక్కువగా ఆ పేరుతో రాదు. అది ఉద్యోగంలాగా వస్తుంది. ఓబీసీయా, ఓపెనా, మహారాష్ట్రా, తెలంగాణా అని ఎవరూ అడగరు.

ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తాను. ఒక ప్రొఫెసర్‌కి ప్రాజెక్టు డబ్బు వస్తుంది, అందులో పీహెచ్‌డీ విద్యార్థికి ఒక పోస్టు ఉంటుంది. ఆ పోస్టుకి ప్రకటన వేస్తారు, ఇక్కడి ప్రభుత్వ జీతాల్లో E13 అనే స్కేలు, 65 శాతం లేదా 75 శాతం అని రాస్తారు. అంటే పూర్తి జీతంలో అంత భాగం. మూడింట రెండొంతుల పోస్టు అయినా పన్నులు, ఇన్సూరెన్స్ పోను నెలకు సుమారు 2,000 యూరోలు చేతికొస్తాయి, ట్యూషన్ ఫీజు ఉండదు, ఒక మనిషికి హాయిగా సరిపోతుంది. అప్లికేషన్ ఫీజు లేదు. ఒక సీవీ, ఒక లెటర్, మార్కుల షీట్లు, ఇద్దరు రిఫరీల పేర్లు పీడీఎఫ్ చేసి పంపడమే. విదేశీ విద్యార్థులకు సాయపడే జర్మనీ సంస్థ డాడ్ (DAAD) వాళ్ల వెబ్‌సైట్‌లో పీహెచ్‌డీ పోస్టుల డేటాబేస్ ఉంది, యూరప్ మొత్తానికి యురాక్సెస్ (EURAXESS) అనే వెబ్‌సైట్ ఉంది, రోజూ కాకపోయినా వారానికొకసారి చూడు. ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి.

అమెరికా లెక్క వేరు. అక్కడ పీహెచ్‌డీలో చేరితే డిపార్ట్‌మెంటే ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది, బదులుగా క్లాసులకు అసిస్టెంటుగానో ల్యాబ్‌లోనో పనిచేయాలి. అప్లికేషన్లు ఎక్కువగా డిసెంబర్, జనవరిల్లో ముగుస్తాయి, ఒక్కోదానికి 75 నుంచి 125 డాలర్ల ఫీజు ఉంటుంది, అయితే ఇబ్బంది ఉందని ముందే మెయిల్ రాస్తే చాలాచోట్ల మాఫీ చేస్తారు. సిగ్గుపడకుండా అడుగు. జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్ష కూడా జియాలజీ డిపార్ట్‌మెంట్లలో చాలావరకు తీసేశారు. కానీ 2025లో అక్కడ పరిశోధన నిధులు కోతపడి చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కాబట్టి ఒక్క అమెరికానే నమ్ముకోకు.

ఇంగ్లండ్‌లో యూకేఆర్‌ఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ నిధులతో నడిచే పీహెచ్‌డీ సీట్లకు 2021 నుంచి మనలాంటి విదేశీయులు కూడా అర్హులే, అయితే సీట్లలో 30 శాతం మించి విదేశీయులకు ఇవ్వరు, పోటీ గట్టిగా ఉంటుంది. 2025-26కి స్టైపెండ్ ఏడాదికి 20,780 పౌండ్లు. మాస్టర్స్ మళ్లీ చేసినా ఫర్వాలేదనుకుంటే యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ చూడు, నెలకు 1,400 యూరోలు, ఫీజు ఉండదు, రెండేళ్లలో రెండు మూడు దేశాలు తిరిగి చదవొచ్చు. అందులో ఫ్రాన్స్‌లోని లిల్ యూనివర్సిటీ నడిపే పాంజియా అనే కోర్సు అచ్చంగా పేలియాంటాలజీదే. చలికాలంలో అప్లికేషన్లు తీసుకుంటారు. జీవితం మారిపోయే డబ్బు అది, మనవైపు పిల్లలకు దాని పేరే తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. డైనోసార్ల మీద పనిచేసే ల్యాబులు తక్కువ, వాటికోసం ప్రపంచమంతా ఎగబడుతుంది. నీ చేతిలో ఆస్ట్రకోడ్‌లు ఉన్నాయి. ఆ పెంకుల రసాయనం చూసి పాతకాలం చెరువు నీళ్లు ఉప్పువా మంచివా, వేడా చల్లనా అని లెక్కగడతారు. అంటే నువ్వు పాతకాలం వాతావరణాన్ని చదివే పేలియోక్లైమేట్ ల్యాబులకు కూడా పనికొస్తావు, చెరువుల అవక్షేపాల మీద పనిచేసే గ్రూపులకూ పనికొస్తావు. వాతావరణం మీద పరిశోధనకు ఉన్నంత డబ్బు ఎముకల మీద లేదు. కోట రాళ్లను వదిలేయమని కాదు, ఆ పద్ధతి బయట నేర్చుకుని ఆ రాళ్ల దగ్గరికే రావచ్చు. నాకు తెలిసి పోస్టు ఇచ్చేవాళ్లు మొదట చూసేది నీకు ఏ జీవి ఇష్టమన్నది కాదు, ఏ పని చేతులతో చేయగలవన్నది. మట్టి నానబెట్టి జల్లెడ పట్టడం, మైక్రోస్కోప్ కింద తడి కుంచెతో పెంకులు ఒక్కొక్కటీ ఏరి స్లైడు మీద పెట్టడం, ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫోటోలు తీయడం, ఇవన్నీ సీవీలో రాయి. మనవాళ్లు ఇవి రాయరు, సెమినార్‌కి హాజరైన సర్టిఫికెట్లు రాస్తారు.

ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం అని మొదలుపెట్టకు. వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగా చదువు, అందులో నీ పనికి తగిలే ఒక్క విషయం పట్టుకుని దాని మీద ఒక ప్రశ్న అడుగు. ఒకే మెయిల్ అందరికీ పంపితే వెంటనే తెలిసిపోతుంది.

కోటరాయి:

అన్నా, అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. మీ ఇద్దరివీ బాపుకి చదివి వినిపించాను. పొలం కుదువ మాట కాస్త పక్కన పెట్టాడు, అయితే రేపు సీటు వచ్చాక వీసాకి, టికెట్‌కి, మొదటి నెల ఖర్చుకి ఎలాగూ అప్పు కావాలి కదా అంటున్నాడు. ఆ మాట నిజమే కదా? ఇంకొకటి, బయటికి వెళ్లడం ఆలస్యమైతే ఇక్కడే ఉండి ఏదైనా చేయొచ్చా, లేక ఏడాది ఖాళీగా ఉంటే తప్పుపడతారా? ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కూడా రాయాలా?

బల్లార్షా బ్యాంకు:

అమ్మా, నేను బ్యాంకులో లోన్ల విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. మీ బాపు అడిగినదానికి నేను చెప్తాను.

చదువు లోను నాలుగు లక్షల వరకు ఏ తాకట్టూ లేకుండా ఇవ్వాలి, ఏడున్నర లక్షల వరకు కేంద్ర ప్రభుత్వ గ్యారంటీ నిధి ఉంది, దానికీ ఆస్తి అడగక్కర్లేదు. ఆ పైన అయితేనే ఇల్లు, ప్లాటు, డిపాజిట్ లాంటివి చూపించాలి. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు చదువు లోనుకు తాకట్టుగా తీసుకోవు. కాబట్టి ఆ రెండెకరాలు కుదువ పెట్టడమంటే బయట వడ్డీ వ్యాపారి దగ్గరే అవుతుంది, మీ బాపుకి దండం పెట్టి చెప్తున్నా, వద్దు. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్ నుంచి పెట్టండి, బ్రాంచి మేనేజర్ నోటిమాటతో వెనక్కి పంపడానికి వీలుండదు, కాగితం మీద జవాబు ఇవ్వాల్సి వస్తుంది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి స్కీము మన దేశంలో చదువులకే, దాని పేరు చెప్పి విదేశానికి ఇప్పిస్తామనే ఏజెంట్లు ఉంటారు, నమ్మకండి. మైనారిటీ పిల్లలకు వడ్డీ కట్టే పఢో పరదేశ్ స్కీము 2022లోనే ఆపేశారు, అది ఇంకా ఉందనుకుని చాలామంది అడుగుతుంటారు.

జర్మనీ అక్క చెప్పినట్టు జీతం వచ్చే పీహెచ్‌డీ అయితే నీకు కావాల్సింది టికెట్, వీసా ఫీజు, మొదటి రెండు నెలల అద్దె, డిపాజిట్. దానికి నాలుగు లక్షలు దాటనే దాటదు. లక్షల లక్షలు అప్పు అవసరమయ్యేది ఫీజు కట్టి చదివే మాస్టర్స్‌కి. కన్సల్టెన్సీలు అవే చూపిస్తాయి, ఎందుకంటే చాలా యూనివర్సిటీలు చేర్పించిన ప్రతి విద్యార్థికి వాళ్లకు కమీషన్ ఇస్తాయి. జీతమిచ్చే పీహెచ్‌డీలో వాళ్లకు వచ్చేదేమీ లేదు కనుక దాని ఊసెత్తరు.

ఇంకొకటి, ముంబైలో జేఎన్ టాటా ఎండోమెంట్ ఉంది. 1892 నుంచి నడుస్తోంది. అది లోన్ స్కాలర్‌షిప్, అంటే తర్వాత తిరిగి కట్టాలి, కానీ కులం, రాష్ట్రం ఏదీ చూడరు, చదువు చూస్తారు, ఇంటర్వ్యూ ఉంటుంది. కొందరికి తిరిగి కట్టక్కర్లేని గిఫ్టు కూడా ఇస్తారు. మా కాలనీ అబ్బాయి ఒకడు దాన్నే ఆధారం చేసుకుని వెళ్లాడు.

గోదారి ధర్మాబాద్:

కాకా చెప్పింది అక్షరాలా నిజం.

చెల్లీ, ఖాళీగా ఉండాల్సిన పని లేదు. ఎర్త్ సైన్సెస్‌లో సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. లక్నోలో బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్, కలకత్తాలో ఐఎస్‌ఐ, రెండూ నీ పనికి దగ్గరివే. మీ ఊరి దగ్గరి బారాపాసారస్‌కి 1975లో పేరు పెట్టింది ఐఎస్‌ఐ వాళ్లే కదా. మహారాష్ట్రలోనే పీహెచ్‌డీలో చేరితే ఓబీసీలకు నాగపూర్‌లోని మహాజ్యోతి అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఫెలోషిప్ ఇస్తుంది, దాని ఆఫీసు నీకు దగ్గరే, నేరుగా వెళ్లి అడుగు. ఎస్సీలకైతే పుణెలో అలాంటిదే బార్టీ ఉంది.

ఇక్కడ చేరితే బయటి దేశం పోయినట్టు కాదు. ఇండియాలో పీహెచ్‌డీ రిజిస్టరై ఏడాది దాటినవాళ్లకు ఫుల్‌బ్రైట్ నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా ల్యాబ్‌లో పనిచేయొచ్చు, ఖర్చంతా వాళ్లదే. అది జే1 వీసా, ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం ఉంది, నీలాగ తిరిగి కోటకే రావాలనుకునేవాళ్లకు అది అడ్డమే కాదు. డాడ్ వాళ్లకు కూడా ఇక్కడ ఒక గైడు, అక్కడ ఒక గైడు ఉండే ఉమ్మడి పీహెచ్‌డీ గ్రాంటు ఉంది. నిజం చెప్పాలంటే నీ పరిస్థితికి ఇదే బాగా కుదురుతుందని నాకనిపిస్తోంది, ఎందుకంటే నీ రాళ్లు సిరోంచలో ఉన్నాయి, మెషీన్లు అక్కడ ఉన్నాయి.

ఐఈఎల్‌టీఎస్ ముందే డబ్బు పెట్టి రాయకు, దాని స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. జర్మనీ పోస్టులకు చాలాసార్లు అడగరు, ఎంఎస్సీ ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు యూనివర్సిటీ లెటర్ సరిపోతుంది. అమెరికా, ఇంగ్లండ్ అప్లికేషన్లు ఖాయం చేసుకున్నాక రాయి.

కోటరాయి:

బాపు మీ అందరికీ నమస్తే చెప్పమన్నాడు. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. సోమవారం తహసీల్ ఆఫీసులో కోత్వాల్ బుక్ నకలుకి దరఖాస్తు పెడుతున్నాను, తాత పుట్టిన ఊరు అంకీసా కాబట్టి ఆ ఊరి రిజిస్టర్ అడగాలి అనుకుంటున్నా, సరైనదేనా అన్నా? అక్కా, మెయిల్ మొదటి మాటలు ఇలా రాశాను, ఇంగ్లిష్‌లో రాసిందాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నా: “నేను భారతదేశంలోని గడ్చిరోలి అనే వెనుకబడిన జిల్లా నుంచి వచ్చిన పేద రైతు కూతుర్ని. నాకు అవకాశం ఇస్తే కష్టపడి పనిచేస్తాను. నా డిజర్టేషన్ కోటా ఫార్మేషన్ ఆస్ట్రకోడ్‌ల మీద.”

రాజురా అన్న:

సరైనదే. తాత పేరుతో పాటు ముత్తాత పేరు, ఇంటిపేరు రెండు రకాలుగానూ దరఖాస్తులో రాయి, వార్ ఉన్నదీ, లేనిదీ. లేకపోతే రికార్డు గదిలో వాళ్లు ఒక్క స్పెల్లింగే వెతికి లేదని రాసిచ్చేస్తారు. నకలు మీద స్టాంపు, సంతకం, తేదీ మూడూ ఉన్నాయో చూసుకునే బయటికి రా.

గోదారి ధర్మాబాద్:

మొదటి రెండు వాక్యాలు తీసెయ్, మూడోది మొదటికి తీసుకురా. నువ్వు పేదరాలివని చెప్పి పోస్టు అడగక్కర్లేదు, నీ దగ్గర వాళ్లకు లేనిది ఉంది. ఇలా రాయి: “నేను కోటా ఫార్మేషన్ బయటపడే తాలూకాలోనే పుట్టి పెరిగాను, అక్కడి సున్నపురాయి పొరల్లోంచి ఆస్ట్రకోడ్‌లు వేరుచేసి ఎంఎస్సీ డిజర్టేషన్ చేస్తున్నాను. మీ పేపర్‌లో పెంకుల రసాయన విశ్లేషణకు ముందు వాటిని శుభ్రం చేసిన పద్ధతి చూశాను. నా నమూనాల్లో పెంకులకు కాల్సైట్ గట్టిగా అతుక్కుని ఉంది, వాటికి ఆ పద్ధతి పనిచేస్తుందా?” దాని కింద రెండు ఫోటోలు పెట్టు, స్కేలు బార్ తప్పకుండా ఉండాలి. పొర ఎక్కడిది, ఏ పక్క వాగు గట్టు మీద తీశావు, ఎంత మందం ఉంది, అన్నీ ఒక్క వాక్యంలో రాసెయ్. సీవీ జత చెయ్, ఒక్క పేజీ దాటొద్దు. పంపే ముందు నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు, ఆదివారం కూర్చుని చూస్తాను.